ఫూరిఫత్ ఎవరో నాకు తెలియదు

నా ఫోన్ నన్ను గుర్తు పట్టదు. వేలు పెడితే చాలు, తెరుచుకుంటుందని చెప్పి నా కూతురు సోమ్ కొనిచ్చింది. రోజూ అమ్మకానికి బొగ్గుల మీద అరటికాయలు తిప్పీ తిప్పీ నా వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. వేలు పెడితే వణికి, మళ్ళీ ప్రయత్నించమంటుంది. పోనీ మొహం చూపించమంటుంది. పొగకు కళ్ళు చికిలించుకుని చూస్తాను కాబట్టి ఆ మొహం కూడా నాది కాదంటుంది. ఆఖరికి సోమ్ పుట్టినరోజు అంకెలు కొడితే, సరేలే పాపం అన్నట్టు తెరుచుకుంటుంది.

అలాంటి ఫోన్‌ను నమ్ముకుని కూతురి కాన్పు కోసం కూర్చోవడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు.

సోమ్ అంటే కమలాపండు. పుట్టినప్పుడు అలాగే గుండ్రంగా ఉండేది. ఇప్పుడు రోయెట్ పట్నంలో మొగుడితో కాపురం చేస్తోంది. నెలలు నిండుతున్నాయనగానే నేను బట్టలు సర్దుకుని వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. ఉన్న నాలుగు రోజులూ నేనేమీ తప్పుగా మాట్లాడలేదు. మెట్లు దిగుతుంటే జారతావేమో అన్నాను. పడుకుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఫ్యాను ఊడి కడుపు మీద పడుతుందేమోనని మంచం వంటింటి గుమ్మం దాకా జరిపించాను. మా పిన్ని కోడలికి బిడ్డ అడ్డం తిరిగిన సంగతి కూడా చెప్పాను, ముందే తెలిసి ఉంటే మంచిది కదా అని.

"అమ్మా, నువ్వు ఊరికెళ్ళిపో," అంది సోమ్. "నువ్విక్కడే ఉంటే పురిటి నొప్పుల కంటే ముందు గుండె నొప్పి వచ్చేట్టుంది నాకు."

"మరి ఆ వేళకి నీ పక్కన ఎవరుంటారే?"

"నువ్వే ఉంటావు. నొప్పులు మొదలవగానే ఫోన్ చేస్తాం. గంటలో వచ్చేస్తావు. నువ్వు ఫోన్ ఎత్తితే చాలు." అలా అని, నేను సంచీ భుజాన వేసుకున్నాక, చిన్నప్పుడు బడి గుమ్మంలో పట్టుకున్నట్టు నా వేళ్ళు పట్టుకుంది. "నాక్కూడా భయంగానే ఉందమ్మా. నీ చెయ్యి పట్టుకునే కంటాను నేను. ఎత్తుతావుగా?"

"ఎత్తక ఏం చేస్తానే," అన్నాను.

ఇక నా అల్లుడి సంగతి. అతణ్ణి అందరూ కొప్ అంటారు. కొప్ అంటే కప్ప. చిన్నప్పుడు వాన పడితే చాలు, చొక్కా విప్పేసి మడుగులోకి దూకేవాడట, ఆ పేరే నిలిచిపోయింది. మాలో ఎవరికైనా అంతే. పిలిచే పేరు నోళ్ళలో ఉంటుంది, అసలు పేరు గుర్తింపు కార్డు మీద, బీరువాలో ఉంటుంది. కొప్ పెళ్ళి కార్డు మీద వేయించిన అసలు పేరు దామ్‌రొంగ్.

కచేరీలకూ పెళ్ళిళ్ళకూ మైకులు, స్పీకర్లు పెట్టడం అతని పని. కిందటేడు ఒక స్పీకరు అతని కాలి మీద పడింది. అది మానేలోగా వానలో బండి జారి చెయ్యి విరిగింది. రెండు గండాలు అయ్యాయంటే మూడోది ఎలా ఉంటుందోనని నాకు కంటి మీద కునుకు లేదు. చెవిలో పోరి పోరి అతణ్ణి గుడిలో పెద్ద భిక్షువు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పుట్టిన వారమూ నక్షత్రమూ చూసి, ఆ పాత పేరులో ఈ పిల్లవాడికి పడని అక్షరాలున్నాయని చెప్పి, పొడవాటి కొత్త పేరు ఒకటి రాసిచ్చాడు. కొప్ మంచివాడు. ఎదురు చెప్పకుండా జిల్లా ఆఫీసుకు వెళ్ళి కార్డు మార్పించుకున్నాడు. ఆ తరువాత ఇంతవరకూ ఎక్కడా పడలేదు. కొత్త పేరు పని చేసింది. పని చేశాక ఇక దాన్ని గుర్తు పెట్టుకోవలసిన అవసరం నాకు కనపడలేదు. ఎలాగూ అందరం కొప్ అనే పిలుస్తున్నాం.

సరిగ్గా సోమ్‌కు నెలలు నిండే రోజుల్లోనే మా ఊళ్ళో ఫోను దొంగల భయం పట్టుకుంది. ఎక్కడో సరిహద్దు అవతల పెద్ద మేడల్లో కూర్చుని, ఎవరెవరికో ఫోన్లు చేసి ఉన్నదంతా ఊడ్చేస్తారట. ఆరోగ్య కేంద్రంలో మీటింగు పెడితే, పట్నం నుంచి ఒక పోలీసు అమ్మాయి వచ్చి చెప్పింది. నేను ముందు వరసలోనే కూర్చున్నాను.

"ముందు మెత్తటి గొంతుతో ఒక ఆడమనిషి మాట్లాడుతుందండి," అంది ఆ అమ్మాయి. "మీ పేరు చెబుతుంది, మీ పిల్లల పేరు చెబుతుంది. మీ పిల్ల ఆసుపత్రిలో ఉందంటుంది. మీరు కంగారు పడగానే ఒక మగమనిషికి ఇస్తుంది. అతను ఇంకా మర్యాదగా మాట్లాడతాడు. మీరు ఒక్క మాట కూడా మాట్లాడకండి. పెట్టేయండి."

"రెండు తిట్లు తిట్టి పెట్టేస్తే?" అని అడిగాను.

"అది మీ ఇష్టమండి," అంది.

మా పక్కింటి సాయ్‌బువా దీనికి ఇంకొకటి కలిపింది. ఆమెకు ఫోన్‌లో ఏ భయంకరమైన వీడియో వచ్చినా, అది మా గేటు దాటి నా దగ్గరికి వచ్చేదాకా ఆగదు. "అక్కా, ఇప్పుడు మిషన్లొచ్చాయి. మన వాళ్ళ గొంతు అచ్చంగా దింపేస్తున్నాయంట. నీ కూతురే మాట్లాడినట్టుంటుంది, కానీ నీ కూతురు కాదు. ఒక్కోసారి కూతురు నిజంగా మాట్లాడినా నమ్మకూడదంట."

సోమ్‌కు చెబితే అది కూడా, "అవునమ్మా, తెలియని నంబర్లు ఎత్తకు," అంది. అంతటితో ఆగకుండా, నేను వాళ్ళింట్లో ఉండగానే నా ఫోన్‌లో ఏదో పెట్టింది. తెలియని నంబరు వస్తే ఫోనంతా ఎర్రగా అయిపోతుంది.

ఆ పొద్దున నేను అరటికాయల మొదటి వాయి పేర్చి, విసనకర్రతో బొగ్గులు రాజేస్తున్నాను. సాయ్‌బువా గట్టు మీద కూర్చుని కాయలు ఒలుస్తోంది. ఫోన్ మోగింది. చూస్తే ఎర్రగా ఉంది. నేను దాన్ని బోర్లా తిప్పి పెట్టాను. ఆగి, మళ్ళీ మోగింది.

"ఎత్తి నాలుగు పెట్టు అక్కా," అంది సాయ్‌బువా. "లేకపోతే ఊరుకోరు వాళ్ళు."

ఎత్తాను.

"నమస్కారమండి. కన్‌లయా గారి అమ్మగారేనా అండి మాట్లాడేది?" ఆడగొంతు. తేనె పూసినట్టు మెత్తగా ఉంది.

కన్‌లయా అంటే సోమ్ అసలు పేరు. "ఎవరమ్మా నువ్వు?"

"ఆసుపత్రి నుంచండి. మీ అమ్మాయి గారిని ఇప్పుడే చేర్చుకున్నాం. కంగారేమీ లేదు. ఆవిడ భర్త ఫూరిఫత్ గారు ఇక్కడే ఉన్నారు, మీతో మాట్లాడతారట, ఇస్తున్నానండి."

ఆసుపత్రి అంది. మగమనిషికి ఇస్తానంది. పోలీసు అమ్మాయి చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది. పైగా నా కూతురికి ఎవరినో మొగుణ్ణి చేసి కూర్చోబెట్టింది.

"ఏ ఫూరిఫత్? ఆ పేరు గల మనిషి మా ఇంటా వంటా లేడు," అన్నాను. "చదువుకున్న పిల్లలా ఉన్నావు. మీ అమ్మ నిన్ను ఇందుకేనా చదివించింది?"

తరువాత బొంగురు గొంతు ఒకటి వచ్చింది. "నమస్కారమండి అమ్మగారూ. నేనండి, ఫూరిఫత్‌ని. తమరు వెంటనే బయలుదేరి రావాలండి."

నా అల్లుడు నాతో అలా మాట్లాడడు. బండి ఆపీ ఆపకముందే, "అమ్మా, తినడానికేముంది?" అని లోపలికి వచ్చేస్తాడు. ఈ దొంగ చూస్తే పట్నపు ఆఫీసుల భాష మాట్లాడుతున్నాడు.

"తమరెవరో నాకు తెలియదు నాయనా."

"అమ్మగారూ, నేను కొప్‌నండి."

ఫోన్ చేత్తో మూసి సాయ్‌బువాతో చెప్పాను. "కొప్ అంట. పేరు కనుక్కున్నారే."

"గొంతు ఎలా ఉంది?"

"కొంచెం మనవాడిలాగే ఉంది. పట్టేసినట్టుంది."

"మిషను," అంది సాయ్‌బువా. "సరిగ్గా దిగలేదు. అసలు పేరు అడుగు. అది తెలిసుండదు."

నాకు ఆ ఉపాయం నచ్చింది. "నువ్వు కొప్‌వైతే నీ అసలు పేరు చెప్పు చూద్దాం."

"ఫూరిఫత్ అండి."

"దామ్‌రొంగ్ రా, దొంగవెధవా," అన్నాను. "నా అల్లుడి పేరు నాకు తెలియదనుకున్నావా? పెళ్ళి కార్డు మీద బంగారు అక్షరాలతో వేయించాం. పట్నం భాష మాట్లాడి మా పల్లెటూరి వాళ్ళ కొంపలు ముంచుతున్నావు. నీ నాలుక మీద కురుపు లేవ."

"అమ్మా, అది నువ్వే కదమ్మా మార్..." అంటున్నాడు. పెట్టేశాను.

సాయ్‌బువా నాకు నీళ్ళిచ్చింది. "భలే పట్టావక్కా. ఆ చివరి మాట బాగుంది, కురుపు మాట." రోడ్డు మీద కాయలు కొనడానికి ఆగిన వాళ్ళకు కూడా తనే మొదటి నుంచీ చెప్పింది. వాళ్ళు కూడా మెచ్చుకున్నారు. కాసేపు నాకు గర్వంగానే ఉంది. జన్మలో మొదటిసారి నేను భయపడింది నిజంగా వచ్చింది, నేను సిద్ధంగా ఉన్నాను.

తరువాత, ఎందుకైనా మంచిదని సోమ్‌కు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. కొప్‌కు చేశాను. అందుబాటులో లేదంది. మళ్ళీ సోమ్‌కు చేశాను. ఎత్తలేదు.

"సాయ్‌బువా, పిల్ల ఎత్తట్లేదే."

"స్నానం చేస్తుందేమో."

"స్నానాల గదిలో జారి పడుంటే?"

"మరి కొప్?"

"దాన్ని ఎత్తబోయి తనూ పడుంటే?"

సాయ్‌బువా ఆలోచించింది. ఆమె ఆలోచిస్తే నాకు ఇంకా భయం. "వాళ్ళ ఫోన్లు ఆ ముఠా వాళ్ళు పట్టేసుంటారక్కా. అందుకే నీ పేరూ వాళ్ళ పేర్లూ తెలిశాయి. ఇప్పుడు నీ ఫోన్‌లోకి కూడా దూరతారు. ముందది కట్టేయి."

కట్టేశాను. కట్టేసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత కూడా పెట్టాను. ఎత్తుతావుగా అని అడిగిన పిల్లకు ఎత్తుతానని చెప్పి వచ్చిన దాన్ని నేనే.

బొగ్గుల మీద కాయలు ఒక పక్క నల్లబడుతున్నాయి. ఇప్పుడు బస్సెక్కి పట్నం పోదామా అంటే, నేను దారిలో ఉండగా సోమ్ మా ఇంటికి మనిషిని పంపిస్తే ఎలా? పోకుండా ఉందామా అంటే, నొప్పులు నిజంగానే వచ్చి ఉంటే? ఒకవేళ ఆసుపత్రి మాట నిజమైతే? అప్పుడు ఆ ఫూరిఫత్ ఎవడు? నా పిల్ల పక్కన వాడెందుకున్నాడు? పట్టకారు చేత్తో పట్టుకుని గేటు దాకా పోవడం, వెనక్కి రావడం, ఇదే పనిగా తిరుగుతున్నాను.

అప్పుడు స్తంభం మీద ఊరి మైకు గరగరలాడింది.

"హలో. హలో. టెస్ట్. హలో."

మా ఊరిపెద్ద ఖమ్‌ఫన్. రోజూ తెల్లారుజామునే చెప్పవలసినవి చెప్పేస్తాడు, ఈ వేళప్పుడు ఎప్పుడూ మాట్లాడడు. నేను పట్టకారు కింద పడేశాను.

"ఊళ్ళో అక్కలకీ అన్నలకీ నమస్కారం. వినపడుతోందా? రేపు పొద్దున దోమల మందు కొట్టడానికి వస్తున్నారు. అన్నం గిన్నెల మీద మూతలు పెట్టుకోండి. కిందటిసారి పెట్టుకోకుండా తరవాత నన్ను తిట్టారు." దగ్గాడు. "రెండో విషయం. ఎవరిదో బాతు మా పెరట్లోకి వచ్చింది. తెల్ల బాతు. నాకేం బాతు అక్కర్లేదు, వచ్చి తీసుకెళ్ళండి." మళ్ళీ దగ్గాడు. "మూడో విషయం కాస్త తొందరది."

సాయ్‌బువా ఒలుస్తున్న కాయ పక్కన పెట్టింది.

"అరటికాయలు కాల్చే దువాన్. దువాన్, ఉన్నావా? ఫోనెందుకు కట్టేశావు? మీ సోమ్‌కి నొప్పులొచ్చాయి. పెద్దాసుపత్రిలో చేర్చారు. మీ అల్లుడు కొప్ ఇప్పుడే నాకు ఫోన్ చేశాడు. కంగార్లో అతని ఫోన్ బకెట్లో పడిపోయిందంట, సోమ్ ఫోన్ ఇంట్లోనే మర్చిపోయారంట, ఆసుపత్రి ఫోన్‌లోంచి మాట్లాడుతున్నాడు. ఎవరి నంబరూ నోటికి రాదంట. నా నంబరు మటుకు ఊరికొచ్చినప్పుడల్లా మైకులో వినీ వినీ వచ్చిందంట. నీ నంబరు ఆసుపత్రి కాయితాల్లో ఉంటే చేశారంట. నువ్వు తిట్టావంట. ఏమని తిట్టావో చెప్పాడు గానీ, మైకులో అది నేను చెప్పకూడదు. ఫూరిఫత్ అంటే ఎవరో కాదు దువాన్, మీ కొప్పే. కిందటేడు పేరు మార్పించింది నువ్వేనంట. కాస్త గుర్తు తెచ్చుకో. గుడికి అవతల వాళ్ళకి వినపడి ఉండదు, మళ్ళీ చెబుతున్నాను."

మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. బాతుతో సహా.

భిక్షువు రాసిచ్చిన కాగితం నా కళ్ళ ముందుకు వచ్చింది. దాన్ని నేనే మడిచి బుద్ధుడి బొమ్మ కింద పెట్టాను. ఫూరిఫత్. దానికి ముందు ఆయన మూడు పేర్లు చెబితే, గండాలకు ఇదే గట్టిదని ఎంచింది కూడా నేనే.

సాయ్‌బువా నా భుజం పట్టుకుంది. "ఆగక్కా. మైకులో కూడా గొంతు దింపుతారేమో."

ఒక్క క్షణం నేను నిజంగానే ఆగాను. అప్పుడు మైకులో, ఖమ్‌ఫన్ మాటల వెనక, ఆయన పుంజు కూసింది. ఆ పుంజు గొంతు మధ్యలో విరిగి, ఎక్కిళ్ళు పెట్టినట్టు ముగుస్తుంది. అలాంటి కూత ఏ మిషనూ కూయలేదు.

"అది మన పెద్దాయన కోడే," అన్నాను. అప్పటికే పరిగెడుతున్నాను.

ఖమ్‌ఫన్ పికప్ బండి తీసి తన గేటు ముందే పెట్టాడు. సాయ్‌బువా నల్లబడని కాయలన్నీ అరిటాకులో చుట్టి, పిలవకపోయినా వెనక ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా జనం నవ్వుతూ చేతులు ఊపారు. ఊరంతా విన్నారు కదా. "దువాన్ అక్కా, దొంగను పట్టుకోవడానికా?" అని అరిచాడొకడు. నాకు సిగ్గుపడడానికి తీరిక లేదు. సోమ్ ఒక్కతే బల్ల మీద పడుకుని, పక్కన ఖాళీ చెయ్యి పెట్టుకుని ఉన్నట్టు కనపడుతోంది.

"పెద్దాయనా, కాస్త తొందరగా పోనీ."

"తొందరగా పోతే పడిపోతామని నువ్వే అంటావు."

"ఇవాళ అనను."

ఆయన నా వంక తిరిగి చూసి, నిజంగానే తొందరగా పోనిచ్చాడు.

ఆసుపత్రి గుమ్మంలో మనిషి లేడు, మిషను ఉంది. కార్డు పెట్టమంది. పెట్టాను. మొహం దగ్గరికి తెమ్మంది. తెచ్చాను. కార్డు మీద మనిషీ మీరూ ఒకరు కారని చెప్పింది. నేను ఏడుస్తున్నాను కదా, కార్డు మీద ఏడవలేదు. సాయ్‌బువా నన్ను పక్కకు లాగి, కౌంటరు దగ్గరున్న అబ్బాయి ముందు నిలబెట్టింది.

"పేషెంటు పేరు చెప్పండమ్మా."

"సోమ్."

"అలా కాదమ్మా. కార్డు మీది పేరు."

నోరు తెరిచాను. నా కడుపున పుట్టిన పిల్ల, నేనే పెట్టిన పేరు, అది రాలేదు. వెతికాను. దారంతా మనసులో ఒకటే పేరు తిరుగుతూ వచ్చింది, అదే నోట్లోంచి ఊడిపడింది.

"ఫూరిఫత్," అన్నాను.

అతను కంప్యూటర్లో చూశాడు. "ఫూరిఫత్ అనే ఆవిడ ఎవరూ కాన్పుకి రాలేదమ్మా."

ఇక నాకు వేరే దారి లేకపోయింది. కౌంటరు పక్కన నిలబడి, పొలం గట్టు మీద నుంచి పిలిచినట్టు, ఆ హాలంతా వినపడేలా పిలిచాను. "కొప్. ఒరే కొప్."

ముగ్గురు కొప్‌లు లేచారు. ఒకాయన ముసలాయన, చేతికి సెలైను సూది ఉంది. ఇంకొకడు స్కూలు బట్టల్లో ఉన్నాడు. మూడోవాడు మెట్ల దగ్గర నేల మీద నుంచి లేచాడు. పాలిపోయిన మొహం, రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు.

"అమ్మా," అన్నాడు మూడోవాడు. రాత్రి కచేరీలో అరిచి అరిచి గొంతు నిజంగానే పోయింది పాపం. "వచ్చావా. తినడానికేమన్నా తెచ్చావా?"

వీడు నా అల్లుడే. అనుమానం లేదు.

"నువ్వెందుకురా నాతో అండి, అండి అన్నావు?" అన్నాను మెట్లెక్కుతూనే.

"నర్సు పక్కనే ఉందమ్మా. అంత తెల్లబట్టలు వేసుకున్న మనిషి ముందు మన భాష నోటికి రాలేదు."

పైన తలుపు దగ్గర ఒక నర్సు నిలబడి ఉంది. "ఒక్కరే లోపలికి రావాలండి," అంది. ఆ గొంతు వినగానే గుర్తు పట్టాను. తేనె పూసిన గొంతు. ఆమె కూడా నన్ను పట్టేసింది. "దువాన్ గారా అండి?"

"తల్లీ, పొద్దున నేనేదో..."

"మా అమ్మ నన్ను ఇందుకే చదివించిందండి," అంది, నవ్వకుండా. తరువాత నవ్వింది. "చేతులు కడుక్కుని రండి. ఆవిడ మీ కోసమే చూస్తున్నారు."

కొప్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నువ్వెళ్ళమ్మా. నేను ఇందాక లోపలికి పోతే నన్నే మంచం మీద పడుకోబెట్టాల్సొచ్చింది."

సోమ్ జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుంది. నన్ను చూసి చెయ్యి చాచింది. పట్టుకున్నాను. నా అరిగిపోయిన వేళ్ళను అది వదలకుండా, ఎముకలు నలిగేలా పట్టుకుంది. ఫోన్ గుర్తు పట్టకపోతే పోయింది.

"కొప్‌ని దొంగవెధవ అన్నావంట కదమ్మా," అంది, నొప్పి ఒకటి వచ్చి పోయాక.

"అన్నాను."

"నువ్వు పొద్దున అన్నావు. నేను ఇప్పటిదాకా అంటూనే ఉన్నాను." ఇంకొకటి వచ్చింది. అది తగ్గాక నా వంక అనుమానంగా చూసింది. "ఏంటమ్మా, ఏమీ మాట్లాడవు? ఏం భయపడట్లేదా?"

నిజానికి ఆ గదిలో భయపడడానికి కావలసినవన్నీ ఉన్నాయి. తీగలున్నాయి, కూతలు పెట్టే మిషన్లున్నాయి, పైన ఫ్యాను కూడా ఉంది. "భయపడేదంతా దారిలోనే భయపడి వచ్చాను," అన్నాను. "ఇప్పుడు నువ్వు కను."

మధ్యాహ్నం అన్నాల వేళకు ఆడపిల్ల పుట్టింది. ముందు ఏడవలేదు. నేను ముక్కు దగ్గర వేలు పెట్టబోయాను. అప్పుడు ఏడ్చింది, ఇంక ఆపలేదు. మా ఊరి మైకు కంటే గట్టిగా ఉందా గొంతు.

సాయంత్రానికి మమ్మల్నందరినీ లోపలికి రానిచ్చారు. సాయ్‌బువా అరటికాయలు నర్సులకు పంచి పెడుతూ, పొద్దుటి కథ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. ఈసారి ఆ కథలో తను ఎక్కడా లేదు. ఖమ్‌ఫన్ బిడ్డను దూరం నుంచి చూసి, మైకు లేకపోయేసరికి ఏం మాట్లాడాలో తెలియక తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"పిలిచే పేరేం పెడతారు?" అని అడిగాడు ఆఖరికి.

కొప్ బిడ్డను ఎత్తుకుని ఉన్నాడు. ఎక్కడ పడేస్తాడోనని నేను కింద రెండు చేతులూ పట్టుకుని ఉన్నాను. "హలో," అన్నాడు కొప్.

"ఎవరు?" అన్నాను.

"దీని పేరమ్మా. హలో. పొద్దుటి నుంచీ ఎన్ని హలోలు చెప్పానో. నువ్వు పెట్టేశాక రెండుసార్లు, పెద్దాయనకి ఒకసారి. పెద్దాయన ఊరంతటికీ. ఆ మాట ఎవరో ఒకరు ఎత్తబట్టే నువ్వు వచ్చావు."

ఖమ్‌ఫన్‌కు ఆ పేరు బాగా నచ్చింది. సోమ్ మంచం మీద నుంచి నవ్వింది. నాకే మనసొప్పలేదు.

"ఫోన్ ఎత్తిన ప్రతివాడూ దీన్ని పిలిచినట్టుంటుంది కదరా. పిల్ల ఉలిక్కిపడదా? తిరిగీ తిరిగీ మెడ నొప్పి రాదా?"

"ప్రతివాడూ పిలుస్తాడు కదమ్మా," అంది సోమ్. "నువ్వు కూడా మర్చిపోవు."

ఒక్క మాట మాత్రం అడిగాను. కార్డు మీద పెట్టే పేరు చిన్నదిగా ఉండాలి, గండాలున్నా సరే, మార్చకూడదు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ పేరు ఇప్పుడు నా గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. దాని కింద సోమ్ అసలు పేరు, దాని కింద ఫూరిఫత్. కాయలు తిప్పుతూ పొద్దున్నే ఒకసారి మూడూ పైకి చదువుకుంటాను. సాయ్‌బువా మంత్రమేమో అనుకుని తనూ చదువుతోంది.

బాలింతను ఇంటికి పంపించాక నేనొక రోజు బట్టలకని ఊరికి వచ్చాను. ఫోన్ మోగింది. ఎర్రగా ఉంది. ఈసారి ఎత్తాను.

"అమ్మా, కొత్త ఫోన్ కొన్నాను, నంబరు మారింది. నేను కొప్‌ని."

గొంతు అచ్చం అతనిదే. అలా అచ్చంగా ఉండటమే నాకు నచ్చలేదు. "ఏ కొప్? అసలు పేరు చెప్పు."

వెనక హలో ఏడుస్తోంది.

"దామ్..." అన్నాడు.

"పెట్టేస్తున్నాను."

"ఫూరిఫత్, ఫూరిఫత్. అమ్మా, పెట్టకు, ఫూరిఫత్."

"ఊఁ," అన్నాను. "ఇప్పుడు చెప్పు నాయనా. పిల్లెందుకు ఏడుస్తోంది?"